రెండు సినిమాల నడుమ జీతాలు

యానిమేషన్ స్టూడియోల బాగోగులను తొలి వారం వసూళ్లతో తూచడం అందరికీ అలవాటైపోయింది. కానీ డిస్నీ నుంచి డ్రీమ్‌వర్క్స్ దాకా జమాఖర్చులు చూస్తే, అసలు చిక్కు ఒక సినిమాకూ ఇంకో సినిమాకూ నడుమ బొమ్మలు గీసేవాళ్లకు జీతాలు ఎక్కడి నుంచి తేవాలన్న చోటే కనిపిస్తుంది. మామూలు సినిమాకు గుమ్మడికాయ కొట్టగానే నటులూ సాంకేతిక నిపుణులూ ఎవరి దారిన వాళ్లు పోతారు. బొమ్మల సినిమాకు ఏళ్లు పడుతుంది. చేయితిరిగిన చిత్రకారులను వదులుకుంటే మళ్లీ దొరకడం కష్టం కనుక పని ఉన్నా లేకున్నా వాళ్లను పోషించాలి.

1937 చివర్లో వచ్చిన ‘స్నోవైట్’కు అయిన ఖర్చు సుమారు 15 లక్షల డాలర్లు, తొలి విడుదల వసూళ్లు దాదాపు 80 లక్షలు. ఆ ధీమాతో వాల్ట్ డిస్నీ బర్‌బ్యాంక్‌లో కొత్త స్టూడియో కట్టాడు, సిబ్బందిని వెయ్యి దాటించాడు. 1940లో ‘పినోకియో’కు 26 లక్షలు, ‘ఫాంటాసియా’కు సుమారు 23 లక్షలు పోశాడు. యుద్ధంతో యూరప్ మార్కెట్ మూసుకుపోయింది; రెండూ నష్టాలే. ఆ ఏడాదే జనానికి షేర్లు అమ్మాల్సివచ్చింది, మరుసటి ఏడు సమ్మె. అప్పుడు ఆదుకున్నది పది లక్షల లోపు తీసిన ‘డంబో’. అంతకంటే ముఖ్యమైనది 1944లో ‘స్నోవైట్’ను మళ్లీ విడుదల చేయడం. గీసినవాళ్ల జీతాలు ఎప్పుడో చెల్లించేశారు. ప్రింట్లు, ప్రచారం, థియేటర్ల వాటా పోను వచ్చిందంతా మిగులే. పైగా ఏడెనిమిదేళ్లకు కొత్త పిల్లలు పుట్టుకొస్తారు! 1959లో ‘స్లీపింగ్ బ్యూటీ’ 60 లక్షలు మింగి నష్టం తెచ్చినా కంపెనీ నిలబడిందంటే పాత సినిమాలు, 1955లో తెరిచిన డిస్నీలాండ్ ఉండబట్టే. చిత్రకారుల ఉద్యోగాలు మాత్రం నిలబడలేదు. 1961 నాటి ‘101 డాల్మేషియన్స్’లో పెన్సిల్ గీతలను జిరాక్స్ పద్ధతిలో నేరుగా ఎక్కించి, చేత్తో ఇంకు దిద్దే పనే తగ్గించేశారు.

సినిమా ఆడితే ఈ గొడవే ఉండదు కదా అనవచ్చు. గ్రాస్‌కూ షేర్‌కూ తేడా తెలిసిన తెలుగు ప్రేక్షకులు ‘రైజ్ ఆఫ్ ది గార్డియన్స్’ లెక్క చూడాలి. 14.5 కోట్ల డాలర్లతో తీసిన ఈ 2012 సినిమా 30 కోట్లకు పైగా వసూలు చేసింది. అయినా థియేటర్ల వాటా, ప్రచార వ్యయం పోయేసరికి డ్రీమ్‌వర్క్స్ సుమారు 8.7 కోట్లు నష్టంగా రాసుకుని, 350 మందిని తగ్గించుకుంది. 2004లో విడిగా షేర్ మార్కెట్‌కెక్కిన కంపెనీ అది. ఒక సినిమా తడబడితే మోయడానికి అప్పట్లో దానికి మరో పెద్ద వ్యాపారం లేదు.

ఇల్యూమినేషన్ స్టూడియోను చూపి, పొదుపుగా తీస్తే చాలునని వాదించేవారూ ఉన్నారు. 2015లో 7.4 కోట్లతో తీసిన ‘మినియన్స్’ 115 కోట్లు దాటిన మాట నిజమే. అయితే ఆ పొదుపు ఊరికే రాలేదు: బొమ్మల పని పారిస్‌లో, పంపిణీ బరువు మాతృసంస్థ యూనివర్సల్ మీద. కనుక ఆ ఉదాహరణ కూడా జీతాల భారం ఎవరు మోస్తున్నారన్న దగ్గరికే వస్తుంది. 2016లో డ్రీమ్‌వర్క్స్‌ను కామ్‌కాస్ట్ 380 కోట్ల డాలర్లకు కొని అదే యూనివర్సల్ గూటికి చేర్చింది. 2024లో ఆ స్టూడియో తీసిన ‘ది వైల్డ్ రోబో’ బడ్జెట్ 8 కోట్ల లోపే. మెచ్చుకోళ్లకూ వసూళ్లకూ లోటు రాలేదు. అయినా పూర్తిగా సొంత చిత్రకారులతో అక్కడ తయారైన చివరి సినిమా అదేనని ముందే తేల్చేశారు. ఆ తర్వాతి పనిలో బయటి స్టూడియోలకూ వంతు.