చెవి మిషను కొనే ముందు, కొన్న తర్వాత: మన ఇళ్లలోని పెద్దవాళ్ల కోసం

అరవై ఏళ్లు దాటినవారిలో నూటికి 25 మందికి పైగా ఇబ్బంది పెట్టేంత వినికిడి లోపం ఉంటుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మనలాంటి ఇళ్లలో దీనివల్ల ఇంకో నష్టమూ ఉంది. బడిలో, వీధిలో కన్నడమో తమిళమో ఒడియానో మరాఠీయో మాట్లాడే పిల్లలు తాతయ్య దగ్గర, అమ్మమ్మ దగ్గర మాత్రమే తెలుగులోకి వస్తారు. పెద్దవాళ్లకు వినబడక రెండుసార్లు "ఆఁ?" అంటే మూడోసారి పిల్లలు చెప్పడమే మానేస్తారు. అలా ఇంట్లో తెలుగు కూడా తగ్గిపోతుంది. సంఘానికి క్రమం తప్పకుండా వచ్చే పెద్దలు కొందరు మెల్లగా రావడం మానేయడానికి కారణం కాళ్లనొప్పులు కాదు, చెవులేనని మేము గమనించాం. అందుకే తెలుసుకోవలసిన విషయాలు ఒకచోట ఇస్తున్నాం.

ముందు పరీక్ష, తర్వాతే మిషను

మొదట ఈఎన్‌టీ డాక్టరుకు చూపించాలి. గులిమి గట్టిపడినా, చెవిలో నీరు చేరినా వినికిడి తగ్గుతుంది. వాటికి మిషను అక్కర్లేదు, వైద్యం చాలు. చెవి కారడం, నొప్పి, తల తిరగడం, ఒక చెవిలోనే హోరు ఉంటే డాక్టరుకు తప్పక చెప్పాలి. ఉన్నట్టుండి ఒక చెవి వినబడకపోతే రేపటికి వాయిదా వేయకండి. మొదటి రెండు మూడు రోజుల్లో మొదలుపెట్టిన వైద్యమే ఎక్కువగా ఫలిస్తుంది.

ఆ తర్వాత ఆడియాలజిస్టు పరీక్ష చేసి ఆడియోగ్రామ్ ఇస్తారు. వయసుతో వచ్చే లోపంలో సన్నని ధ్వనులు ముందుగా పోతాయి. అచ్చుల మోత వినబడుతుంది, హల్లులు జారిపోతాయి. "పాలు" అన్నారో "కాలు" అన్నారో తెలియదు. "వినబడుతోంది గానీ అర్థం కావడం లేదు" అని పెద్దవాళ్లు అనేది అందుకే.

మాటల పరీక్ష తెలుగులో అడగండి

ఆడియాలజిస్టు కొన్ని మాటలు వినిపించి తిరిగి చెప్పమంటారు. ఇంట్లో తెలుగే మాట్లాడే పెద్దావిడకు కన్నడంలోనో మరాఠీలోనో ఆ మాటలు వినిపిస్తే, భాష అలవాటు లేక తప్పిన మాటలు కూడా చెవి లోపం కింద లెక్కకొస్తాయి. తెలుగు మాటల జాబితాలు ఉన్నాయి, ముందే అడగండి. దొరకకపోతే ఇంట్లోవారు ఒకరు పక్కన ఉండి, ఏ భాష ఎంత తెలుసో చెప్పాలి.

ఏ రకం తీసుకోవాలి?

చెవి వెనక పెట్టుకునేది ఎక్కువమందికి సరిపోతుంది. లోపం ఎక్కువైనా పనిచేస్తుంది, పట్టుకోవడం తేలిక. సన్నని తీగతో చెవిలోకి వెళ్లే రకం తేలికగా ఉంటుంది గానీ, దాని కొసకు గులిమి పట్టకుండా చూసుకోవాలి. చెవి లోపలే అమరేది బయటికి కనబడదు. అయితే వేళ్లు వణికేవారికి, చూపు తగ్గినవారికి దానితో కష్టం. జేబు మిషను చవక, బటన్లు పెద్దవి. బట్టల రాపిడి మాత్రం వినిపిస్తుంది.

లోపం రెండు చెవులకూ ఉంటే రెండింటికీ పెట్టుకోవడమే మేలు. మాట ఎటు నుంచి వస్తోందో తెలుస్తుంది, సందడిలో మాట పట్టుకోవడం సులభమవుతుంది. పరీక్ష లేకుండా బజారులో అమ్మే యంత్రాలు అన్ని శబ్దాలనూ ఒకేలా పెంచుతాయి. వాటితో తలనొప్పే తప్ప మాట స్పష్టం కాదు.

డబ్బు కట్టే ముందు ఇవి అడగండి: కొన్నాళ్లు వాడి చూసే వీలుందా? వారంటీ ఎంత కాలం? మళ్లీ సర్దడానికి ఎన్నిసార్లు రావచ్చు, దానికి వేరే రుసుము ఉందా? రిపేరు మన ఊళ్లోనే చేస్తారా? వినికిడి యంత్రానికి జీఎస్టీ లేదు. బిల్లులో వేస్తే ఎందుకని అడగండి.

ఎక్కడ, ఏ సాయం?

మైసూరులోని అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ, ముంబయి బాంద్రాలోని అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ కేంద్ర ప్రభుత్వానివి. రెండో దానికి సికింద్రాబాదులోనూ, ఒడిశాలోని జన్లాలోనూ ప్రాంతీయ కేంద్రాలున్నాయి. తమిళనాడులో వేలూరు సీఎంసీలో ఈ విభాగం ఉంది. యానాం వారికి కాకినాడ దగ్గర. అయితే ప్రభుత్వ సాయానికి దరఖాస్తు పుదుచ్చేరి ద్వారానే పెట్టుకోవాలి.

నలభై శాతం వైకల్య ధ్రువపత్రం ఉన్నవారికి కేంద్రం ఆడిప్ పథకం ఉంది. అరవై దాటిన పేదవారికి 2017లో మొదలైన రాష్ట్రీయ వయోశ్రీ యోజన ఉంది. రెండింటికీ ఆదాయ పరిమితి ఉంది. జిల్లా సంక్షేమ కార్యాలయంలో విచారించండి. సీజీహెచ్ఎస్ ఉన్న పెన్షనర్లు కొనకముందే అనుమతి తీసుకోవాలి.

మనవాళ్ల దరఖాస్తులు ఆగేది ఎక్కువగా పేరు దగ్గరే. ఒక కాగితంలో ఇంటిపేరు ముందు, ఒకదానిలో చివర, ఇంకొకదానిలో ఉత్త ఇనిషియల్. ఆధార్‌లో, ధ్రువపత్రంలో, రేషన్ కార్డులో పేరు ఒకేలా ఉందో లేదో ముందే చూసుకోండి. ఆడియోగ్రామ్, బిల్లు, వారంటీ కార్డు, మిషను నంబరు ఒకే ఫైలులో ఉంచి, జిరాక్స్ విడిగా పెట్టుకోండి.

అలవాటు పడేదాకా

మొదట్లో తన గొంతే తనకు కుండలో మాట్లాడినట్టు ఉంటుంది. గిన్నెల చప్పుడు చిరాకు పెడుతుంది. కొన్ని వారాల్లో సర్దుకుంటుంది. మొదట ఇంట్లో ప్రశాంతంగా ఉన్నప్పుడు రెండు మూడు గంటలు పెట్టుకుని, రోజురోజుకూ పెంచండి. పెళ్లి పందిట్లో మొదలుపెట్టకండి. గుచ్చుకున్నా, మోత ఎక్కువైనా పెట్టెలో పడేయకుండా ఆడియాలజిస్టు దగ్గరికి వెళ్లి సర్దించుకోండి.

రోజువారీ జాగ్రత్తలు

● తలంటుకు, స్నానానికి, నిద్రకు ముందు తీసేయాలి. తలనూనె, పౌడరు రాసుకున్నాక చేతులు తుడుచుకునే పెట్టుకోవాలి. చెవిలో నూనె పోసుకోవద్దు.

● రాత్రి పొడి గుడ్డతో తుడిచి, బ్యాటరీ తలుపు తెరిచి, సిలికా జెల్ ఉన్న మూత డబ్బాలో ఉంచాలి. చెన్నై, బరంపురం, యానాం, ముంబయి లాంటి చోట్ల గాలిలో తేమే దీనికి మొదటి శత్రువు.

● చెవి అచ్చును మిషను నుంచి విడదీసి, గోరువెచ్చని సబ్బునీటితో కడిగి, పూర్తిగా ఆరాకే తగిలించాలి. మిషనుకు నీళ్లు తగలకూడదు. గొట్టం గట్టిపడితే మార్పించాలి.

● బ్యాటరీ సైజు రంగును బట్టి తెలుస్తుంది: 10 పసుపు, 312 గోధుమ, 13 నారింజ, 675 నీలం. స్టిక్కరు తీశాక ఒక నిమిషం గాలి తగలనిచ్చి వేయండి. స్టిక్కరు మళ్లీ అతికించినా ఆదా కాదు.

● చంటిపిల్లలకు బ్యాటరీలు అందకూడదు. మింగితే క్షణం ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

● కూత పెడుతుంటే అచ్చు సరిగ్గా కూర్చుందో, చెవిలో గులిమి ఉందో చూడాలి. శబ్దమే రాకపోతే బ్యాటరీ, గొట్టం, గులిమి వరసగా చూసి, అప్పుడు రిపేరుకు ఇవ్వండి.

ఇంట్లోవాళ్లు చేయవలసింది

మిషను పెట్టుకున్నా చెవి పాతికేళ్ల చెవి అయిపోదు. ఎదురుగా కూర్చుని, టీవీ కట్టేసి, నెమ్మదిగా మాట్లాడాలి. అరవకూడదు. అర్థం కాకపోతే అదే మాట గట్టిగా చెప్పే బదులు వేరే మాటలో చెప్పి చూడండి. "ఏం లేదులే" అని మాత్రం అనకండి. ఆ ఒక్క మాటే పెద్దవాళ్లను గదిలోకి పంపేస్తుంది.

సంఘం సభలకు వచ్చే పెద్దలకు ముందు వరుసలో, స్పీకరు బాక్సుకు దూరంగా కుర్చీలు వేయమని అన్ని ఊళ్ల కార్యదర్శులనూ కోరుతున్నాం. కాగితాలు నింపడంలో సాయం కావలసినవారు తమ ఊరి సంఘాన్ని మొహమాటం లేకుండా అడగవచ్చు.