ఏ అమరావతి?

అమరావతి స్తూపం కట్టినవాళ్లు దాన్ని ఆ పేరుతో పిలవలేదు. అక్కడి శాసనాల్లో ఊరు ధాన్యకటకం, స్తూపం మహాచేతియం. బౌద్ధం పోయాక చుట్టుపక్కల జనానికి అదొక మట్టిదిబ్బ, దీపాలదిన్నె. పద్దెనిమిదో శతాబ్దం చివర్లో వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు చింతపల్లి నుంచి మకాం మార్చి అమరేశ్వరుడి గుడి దగ్గర పట్నం కట్టించాడు. ఆ పట్నం పేరే తర్వాత స్తూపానికీ అంటుకుంది.

ఉన్నది ఒకటే, పేర్లు మూడు. మూడు పేర్లకీ అర్థం ఒకటేనా?

1892లో జర్మన్ తత్త్వవేత్త ఫ్రెగె అడిగింది ఇలాంటి ప్రశ్నే. వేగుచుక్కా, సాయంత్రం పడమట కనిపించే చుక్కా రెండూ శుక్రగ్రహమే. కానీ ఆ సంగతి తెలుసుకోవడానికి మనుషులు ఆకాశాన్ని గమనించాల్సి వచ్చింది, నిఘంటువు చూస్తే సరిపోలేదు. అంటే పేరు సూచించే వస్తువు వేరు, ఆ వస్తువుని మనకి చూపించే తీరు వేరు. ఈ రెండోదాన్ని భావం అందాం.

భావం పండితుల గొడవ మాత్రమే కాదు. మహాచేతియానికి దండం పెడతారు. దీపాలదిన్నెని రాళ్ల కోసం తవ్వుతారు. నాయుడిగారి కట్టడాలకి నిజంగానే తవ్వారు. కాలిన్ మెకంజీ 1816లో మళ్లీ వచ్చి బొమ్మలు గీయించాడు, వాల్టర్ ఎలియట్ 1845లో తవ్వించాడు. వాళ్లకి అది పురావస్తువు. కాబట్టి శిల్పాలు మద్రాసుకీ లండన్‌కీ ప్రయాణం కట్టాయి. ఇవాళ 'అమరావతి శిల్పాలు' చాలావరకు చూడాలంటే ఎగ్మోర్ మ్యూజియానికో, బ్రిటిష్ మ్యూజియానికో వెళ్లాలి.

2015లో ఇదే పేరు ఇంకో చోటికి వెళ్లింది. ఆ అక్టోబర్ 22న ఉద్దండరాయునిపాలెంలో కొత్త రాజధానికి శంకుస్థాపన జరిగింది. తుళ్లూరు, మందడం, వెలగపూడి లాంటి ఊళ్ల పొలాలకి అమరావతి అని పేరు. స్తూపమున్న పాత ఊరు ఆ రాజధాని నగరం హద్దుల్లో లేదు. 2022లో జిల్లాలు విడగొట్టాక పాత అమరావతి పల్నాడు జిల్లాలోకి వెళ్లింది, తుళ్లూరు గుంటూరులో ఉండిపోయింది. ఘనత ఒక చోటిది, ఎకరాలు ఇంకో చోటివి.

ఆ ఎకరాలు రైతులవి. 30,000 ఎకరాలకు పైగా ల్యాండ్ పూలింగ్‌లో ఇచ్చారు. 2020లో చట్టం మారింది: విశాఖలో పాలన, కర్నూల్లో న్యాయం, అమరావతిలో శాసనసభ. "అమరావతి ఎక్కడికీ పోలేదు కదా" అన్నవాళ్లున్నారు. వస్తువు వరకే చూస్తే నిజమే, సెంటు భూమి కూడా కదల్లేదు. కానీ రైతు సంతకం పెట్టింది అక్షాంశ రేఖాంశాలకి కాదు, 'రాష్ట్ర రాజధాని' అన్న భావానికి. ఆ చట్టాన్ని 2021లో వెనక్కి తీసుకున్నారు. ఇచ్చిన మాట ప్రకారం రాజధాని కట్టాలని 2022 మార్చిలో హైకోర్టు చెప్పింది, వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది.

కోడ్ రాసేటప్పుడు రెండు పేర్లు ఒకే చోటిని చూపిస్తే నేను ఏది వాడినా ఫలితం ఒకటే. మనుషుల ఒప్పందాలు అలా నడవవు. అందుకే ఇకమీద ఎవరైనా అమరావతి గురించి వాదిస్తుంటే రెండు ప్రశ్నలు అడగాలనుకుంటున్నాను: ఏ అమరావతి? ఏమని చెప్పి ఇప్పించుకున్న అమరావతి?