ఆన్‌లైన్ రోల్‌ప్లేయింగ్ ఆటలు: నిర్వహణ చరిత్ర

ఆన్‌లైన్ రోల్‌ప్లేయింగ్ ఆట అంటే వేలమంది ఒకే కల్పిత లోకంలో తలా ఒక పాత్ర ధరించి, నెలలూ ఏళ్లూ ఆడే ఆట. చదరంగం బల్ల కొనుక్కున్నవాడి ఇంటికొచ్చి నియమాలు మార్చేవారెవరూ ఉండరు. ఇక్కడ మాత్రం ఆట మొత్తం కంపెనీ సర్వర్లలోనే ఉంటుంది. ఒక్క అప్‌డేట్‌తో రాత్రికి రాత్రి నియమాలు మారవచ్చు, లోకమే మూతపడవచ్చు. అందుకే ఈ ఆటల చరిత్ర చాలావరకు నిర్వాహకుల నిర్ణయాల చరిత్ర.

ఈ తరహా ఆటలకు ఆద్యం 1978లో ఇంగ్లండులోని ఎసెక్స్ విశ్వవిద్యాలయంలో రాయ్ ట్రబ్‌షా, రిచర్డ్ బార్టిల్ రూపొందించిన ‘మడ్’. బొమ్మలు లేవు, అంతా అక్షరాలే. బార్టిల్ 1996లో రాసిన వ్యాసంలో ఆటగాళ్లను నాలుగు రకాలుగా విడదీశాడు: విజయాలు కూడబెట్టేవారు, లోకాన్ని గాలించేవారు, నలుగురితో కలిసిమెలిసి గడిపేవారు, తోటివారిని వేటాడేవారు. ఒకరి సరదా మరొకరికి ప్రాణసంకటం కావడమే నిర్వాహకుల అసలు చిక్కు. 1997లో వచ్చిన ‘అల్టిమా ఆన్‌లైన్’లో కొత్తవాళ్లు ఊరి పొలిమేర దాటితే చాలు, పాతకాపులు చంపి దోచుకునేవారు. 2000లో నిర్వాహకులు ఆ లోకాన్ని రెండుగా చీల్చి, ట్రామెల్ అనే భాగంలో ఇష్టం లేనివారిపై దాడిని నిషేధించారు. కొత్తవారు ఊపిరి పీల్చుకున్నారు, ప్రమాదంలోనే రుచి ఉందనేవారు నొచ్చుకున్నారు. ఆ వాదన ఇంకా తెగలేదు.

‘స్టార్ వార్స్ గెలాక్సీస్’ది ఇంకా విషాదం. 2005 నవంబరులో ముప్పైకి పైగా ఉన్న వృత్తులను తొమ్మిదికి కుదించారు. ఏళ్లు వెచ్చించి నేర్చుకున్న నైపుణ్యాలు ఒక్క రోజులో మాయమయ్యాయి. ఆటగాళ్లు గుంపులుగా వెళ్లిపోయారు. 2011 డిసెంబరు 15న ఆట మూతపడింది.

ఈ చరిత్రలో అన్నిటికన్నా ఎక్కువ నేర్పేది ‘రూన్‌స్కేప్’. గోవర్ సోదరులు తయారుచేయగా 2001 జనవరిలో మొదలైన ఈ ఆటను కేంబ్రిడ్జిలోని జాగెక్స్ సంస్థ నడుపుతోంది. ఆటలోని బంగారాన్ని బయట అసలు డబ్బుకు అమ్ముకునే ముఠాలు, దొంగిలించిన క్రెడిట్ కార్డులతో సభ్యత్వాలు కొంటూ సంస్థను చిక్కుల్లోకి నెట్టాయి. 2007 డిసెంబరులో జాగెక్స్ కఠినంగా స్పందించింది. స్వేచ్ఛగా ఇచ్చిపుచ్చుకోవడాన్ని ఆపింది, వైల్డర్‌నెస్ అనే ప్రాంతంలో ఆటగాళ్ల పోరాటాలను తీసేసింది. మొదట్లో మూడు వేల నాణేల తేడాకు మించిన వర్తకం కుదరలేదు. స్నేహితుడికి ఒక మంచి కత్తి బహుమతిగా ఇవ్వడం కూడా అసాధ్యమైంది. దొంగల కోసం వేసిన గొళ్లెం ఇంట్లోవాళ్లకే పడింది.

ఆ ఆంక్షలు అమల్లో ఉండగానే, 2009 అక్టోబరు 8న, జపక్ పోర్టల్ ద్వారా రూన్‌స్కేప్ భారతదేశానికి వచ్చింది. ఆ దారిన వచ్చిన మనవాళ్లకు మొదట దొరికింది స్వేచ్ఛా వర్తకం లేని రూన్‌స్కేపే. అయినా ఈ ఆట మన పరిస్థితులకు కొంత నప్పింది. అప్పట్లో బ్రౌజర్‌లోనే ఆడగలిగేవారు, పెద్ద కంప్యూటర్ అక్కర్లేకపోయేది. మన దేశంలో కూర్చుని ఆడేవారికి సర్వర్ ఎక్కడుందన్నది చిన్న విషయం కాదు. ‘వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్’, ‘ఫైనల్ ఫాంటసీ 14’ల నిర్వాహకులు భారత్‌లో సర్వర్లు పెట్టలేదు. సముద్రాలు దాటి వెళ్లే ప్రతి ఆజ్ఞా ఆలస్యమవుతుంది, ఎంత నేర్పరైనా వెనకబడతాడు. రూన్‌స్కేప్ సర్వర్ 0.6 సెకనుకు ఒకసారి మాత్రమే ఆజ్ఞలను అమలు చేస్తుంది కనుక ఆ ఆలస్యం చాలావరకు అందులో దాగిపోతుంది.

2011 ఫిబ్రవరి 1న ఆంక్షలు తొలగాయి. అంతకుముందు నిర్వహించిన పోల్‌లో 12 లక్షలకు పైగా ఓట్లు పడగా 91 శాతం తొలగింపునే కోరాయి. అడిగితే ఏం తెలుస్తుందో సంస్థకు అప్పుడు అర్థమై ఉండాలి. కానీ 2012లో డబ్బిచ్చి చక్రం తిప్పి బహుమతులు గెలుచుకునే పద్ధతి వచ్చింది. అదే ఏడాది నవంబరు 20న పోరాట విధానం మొత్తం మారిపోయింది. కష్టపడి ఎదిగినవారికి ఈ రెండూ అవమానంగానే తోచాయి.

అదే కాలంలో ఫైనల్ ఫాంటసీ 14 తన వైఫల్యాన్ని ఒప్పుకుంది. 2010లో విడుదలై అభాసుపాలైన ఆ ఆట పగ్గాలు చేపట్టిన నవోకి యోషిదా, 2012 నవంబరులో పాత లోకాన్ని ఆటలోనే ధ్వంసం చేయించి, 2013 ఆగస్టులో కొత్త లోకాన్ని తెరిచాడు. ఏం మారుతోందో, ఎందుకు మారుతోందో ఆటగాళ్లకు నేరుగా వివరిస్తూ వచ్చాడు.

జాగెక్స్ మరో దారి పట్టింది. 2013 ఫిబ్రవరిలో ఆటగాళ్ల ఓటు కోరి, 2007 ఆగస్టు నాటి ప్రతిని ‘ఓల్డ్ స్కూల్ రూన్‌స్కేప్’గా తిరిగి తెరిచింది. దాదాపు నాలుగున్నర లక్షల ఓట్లు పడ్డాయి. ఆ ఆటలో పెద్ద మార్పు ఏదైనా ముందుగా ఆటగాళ్ల ఓటుకు వెళ్లాలి. 75 శాతం ఒప్పుకోవాలన్నది చాలాకాలం నియమం, తర్వాత దాన్ని 70కి తగ్గించారు. ఈ పద్ధతి నెమ్మదైనది, మంచి ఆలోచనలు కొన్ని ఓడిపోయాయి కూడా. అయినా తన శ్రమను తనను అడగకుండా ఎవరూ చెరపరన్న నమ్మకం ఆటగాడికి మిగిలింది. 2018 అక్టోబరులో ఆట మొబైల్‌కూ వచ్చింది. పాత ప్రతితో మొదలైన ఓల్డ్ స్కూల్‌లోనే నేడు అసలు రూన్‌స్కేప్‌లో కన్నా ఎక్కువమంది ఆడుతున్నారు.