సముద్రం లేని చోటి నుంచి సముద్ర హెచ్చరిక: దళితవాడకు మోసేదెవరు?

దుండిగల్‌కు సముద్రం వందల కిలోమీటర్ల దూరం. అయినా బంగాళాఖాతంలో అల ఎంత ఎత్తు లేస్తుందో, చేపలు ఏ వైపు దొరకొచ్చో చెప్పే కేంద్రం దాని పొరుగున ప్రగతినగర్‌లోనే ఉంది. భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రం, వాడుకలో ఇన్‌కాయిస్. 1999లో మొదలైంది. 2004 డిసెంబర్ 26 నాటి సునామీ తర్వాత, 2007 అక్టోబర్ నుంచి సునామీ హెచ్చరికల బాధ్యత కూడా దీనిదే. హిందూ మహాసముద్ర తీర దేశాల వాళ్లకు ఇక్కడే శిక్షణ ఇస్తారు.

ఇక్కడ పుట్టిన హెచ్చరికను ఊరికి మోసేది ఊరి మనుషులే. అందుకు యునెస్కో సముద్ర విజ్ఞాన కమిషన్ 'సునామీ రెడీ' అనే గుర్తింపు పెట్టింది. మొత్తం 12 కొలమానాలు: ముంపు పటం, తప్పించుకునే దారి బోర్డులు, ఇరవై నాలుగు గంటలూ హెచ్చరిక అందుకునే ఏర్పాటు, ఊరంతా పాల్గొనే కసరత్తు వగైరా. 2020లో మన దేశంలో మొదట దీన్ని అందుకున్నవి ఒడిశాలోని వెంకటరాయపూర్, నోలియాసాహి. 2024లో ఆ రాష్ట్రంలోనే 24 ఊళ్లకు గుర్తింపు వచ్చింది. వెంకటరాయపూర్ ఉన్న గంజాం తీరంలో మత్స్యకారులు ఎక్కువగా తెలుగు మాట్లాడేవాళ్లే. అక్కడ శిక్షణ ఒడియాలో మాత్రమే సాగితే ముసలమ్మకు ఏం అర్థమవుతుంది? ఇంటి భాష చిన్న విషయం కాదు.

ఇక మా అసలు ప్రశ్న. తీర గ్రామాల్లో చాలామంది దళితులకు పడవల్లేవు. పొలంలో, రొయ్యల చెరువుల మీద కూలి చేస్తారు. చేపల జాడ చెప్పే సందేశంతో వాళ్లకు పనిలేదు. ఉప్పెన ఎప్పుడొస్తుంది, ఉప్పుబారిన బావికి బదులు మంచినీళ్లెక్కడ, తుఫాను షెల్టర్‌లో అందరితోపాటు కూర్చోనిస్తారా అన్నవే వాళ్ల ప్రశ్నలు. 1977 నవంబర్ 19న దివిసీమను ముంచిన ఉప్పెనలో అధికారిక లెక్కలోనే సుమారు పదివేల మంది పోయారు. గుడిసెల్లో ఉన్న కూలీలకు ఎక్కి నిలబడే మిద్దె లేదు. 2004లో నాగపట్నం సహాయ శిబిరాల్లో దళితులను వేరుగా ఉంచిన ఉదంతాలను హక్కుల సంఘాలు నమోదు చేశాయి.

2005 విపత్తు నిర్వహణ చట్టం 61వ సెక్షన్ కులం పేరిట వివక్ష కూడదంటుంది. కానీ అది మాట్లాడేది పరిహారం, సహాయం గురించే. హెచ్చరిక గురించి, శిక్షణకు మనుషుల ఎంపిక గురించి అందులో మాట లేదు. ఇదే పెద్ద లోటని మేమనుకుంటున్నాం. జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 'ఆపద మిత్ర' పథకంలో 350 జిల్లాల్లో లక్ష మంది వాలంటీర్లకు శిక్షణ లక్ష్యంగా పెట్టుకుంది. ఆ లక్షలో పల్లె నుంచి ఎందరు, ఆడవాళ్లెందరు?

జిల్లా విపత్తు నిర్వహణ సంస్థకు కలెక్టరే చైర్మన్. జిల్లా ప్రణాళికను ఏటా సమీక్షించాలని చట్టం చెబుతోంది. వాలంటీర్ల జాబితాను వాడల వారీగా ఇవ్వమని సమాచార హక్కు కింద అడగొచ్చు. కసరత్తు దారి దళితవాడ గుండా వెళ్తుందా, మైకు అక్కడిదాకా వినిపిస్తుందా అన్నది మాత్రం ఆ రోజు వెళ్లి చూడాల్సిందే.