ముక్కాలి – ఊదుగొట్టం

ఈ మధ్య అటక సర్దుతుంటే పాత ఇనుప ముక్కాలి ఒకటి బయటపడింది. "ఇదేమిటి తాతయ్యా?" అని మనుమరాలు అడిగింది. సంఘం ప్రత్యేక సంచికకు ఏదైనా వ్రాయమన్నారు గనుక, ఆమెకు చెప్పినదే ఇక్కడ వ్రాస్తున్నాను.

చలి దేశాలలో గది వెచ్చగా ఉండటానికి గోడలో పొయ్యి కట్టి, పైన పొగగొట్టం పెట్టేవారు. అందులో కట్టెలను నేలకు ఆనించరు. పొట్టి కాళ్ళున్న రెండు ఇనుప కమ్మీలు ప్రక్కప్రక్కన ఉంచి, వాటిపై దుంగలు అడ్డంగా పేరుస్తారు. ఇంగ్లీషువారు వీటిని 'ఫైర్ డాగ్స్' అంటారు. వేల్స్‌లోని కాపెల్ గార్మన్‌లో 1852లో దొరికినది దాదాపు 2,000 ఏళ్ళ నాటిది. కిటుకు ఒక్కటే. కట్టె క్రింద గాలి ఆడాలి. ఆడితే మంట, ఆడకపోతే పొగ.

మా గన్నవరం వైపు కమ్మరి చేసి ఇచ్చిన ముక్కాలి ఎత్తి పట్టింది గిన్నెను, కట్టెను కాదు. కట్టె బూడిదలోనే పడి ఉండేది. మరి గాలి? అది మా అమ్మ ఊపిరి. వానాకాలంలో అడితి నుంచి తెచ్చిన తడి తుమ్మకట్టెకు ఊదుగొట్టం పెట్టి, కళ్ళు ఎర్రబడేదాకా ఊదేది.

ఈ బాధ పెద్దలకు తెలియక కాదు. వార్ధాలో 1947లో మగన్ చూలా వచ్చింది. హైదరాబాదు ఇంజనీరింగ్ రీసెర్చి ల్యాబొరేటరీస్‌కు చెందిన ఎస్.పి. రాజు గారు పొగగొట్టం గల మట్టిపొయ్యి రూపొందించి, 1953లో దానిపై పుస్తకమే వ్రాశారు. 1983లో కేంద్ర ప్రభుత్వం పొగరాని పొయ్యిల జాతీయ పథకం ప్రారంభించింది, 2002లో ఆపివేసింది.

ఆ పథకం రోజుల్లో నేను గుమాస్తాను. ఏ ఊళ్ళో ఎన్ని పొయ్యిలు కట్టారో పట్టికలు వేసి పైకి పంపేవాణ్ణి. ఆ పొయ్యి ఒకటి మా వంటింట్లో కట్టించాలన్న ఆలోచన మాత్రం నాకు రాలేదు. 1992లో గ్యాసు వచ్చేదాకా అమ్మ ఊదుతూనే ఉంది. చివరి రోజుల్లో దగ్గు వదలక డాక్టరు వద్దకు తీసుకువెళితే, ఆయన అడిగిన మొదటి ప్రశ్న, "కట్టెల పొయ్యి ఎన్నేళ్ళు ఊదారమ్మా?" అమ్మ నవ్వి ఊరుకుంది. నేను తల వంచుకున్నాను.

1999లో మన రాష్ట్రంలో దీపం పథకం, 2016లో ఉజ్జ్వల వచ్చి చాలా ఇళ్ళకు గ్యాసు చేర్చాయి. అయినా నీళ్ళు కాచుకోవడానికో, సిలిండరు ఆదా చేయడానికో కట్టెలు వాడే ఇళ్ళు ఇంకా ఉన్నాయి. మీ ఇంట అలాంటి పొయ్యి ఉంటే, కట్టెల క్రింద రెండు ఇనుప ఊచలు వేయించండి. ఎండిన కట్టెలే వాడండి. పొయ్యి ఆరుబయట పెట్టండి. ముక్కాలికి ఇనుము దొరికిన ఇంట్లో ఊచలకు దొరకకపోదు. దొరకనిది మనకు ధ్యాసే.