చేవ్రాలూ, నిశానీ

అమెరికా తొలి ప్రెసిడెంట్ల సంతకాలున్న కాగితాలు సేకరించడం అక్కడ పెద్ద వ్యాపకం, అంతకన్నా పెద్ద వ్యాపారం. జార్జి వాషింగ్టన్ సంతకమున్న 1789 నాటి చట్టాల పుస్తకం 2012లో న్యూయార్కు వేలంలో 98 లక్షల డాలర్లు పలికింది. చిన్నవాళ్లకి అందేవీ వున్నాయి. సర్కారు భూమి పట్టాల మీద 1833 దాకా ప్రెసిడెంటే స్వయంగా సంతకం పెట్టేవాడు. ఆ యేడు చట్టం చేసి ఆ పని ఒక కార్యదర్శికి అప్పగించారు. అందుకే 1833కి ముందు పట్టా అంటే సేకర్తలకి అంత మోజు. ఆ నేల మీంచి ఏ ఆదివాసుల్ని తరిమి కొలతలు వేశారో మాత్రం ఆ ధరలో లెక్కకి రాదు.

మా యింట్లో సంతకం పెట్టడం మా తరంతోనే మొదలైంది. అందుకేనేమో యిది చదివినప్పుడు మాకు రాజోలు దగ్గర ఒక పేటలో చూసిన ట్రంకుపెట్టె గుర్తొచ్చింది. అందులో డి-ఫారం పట్టా ఒకటి, చెల్లువేయని ప్రామిసరీ నోటు ఒకటి. నోటు కింద వేలిముద్ర, దాని పక్కన రాతగాడి దస్తూరిలో పేరు, ఆపైన 'నిశాని' అన్న మాట. పట్టా మీద వున్న సంతకం ఏ తాసిల్దారుదని అడిగాం. "సంతకం ఎవరిదైతే ఏంటి బాబూ, యీ యేలు మా మాఁవది" అంది మామ్మ, నోటు చూపించి.

మరి తక్కిన యిళ్లలో? 1986 గోదావరి వరదలో కొన్ని పోయాయి, 1996 నవంబరు తుఫానులో యింకొన్ని. లంక భూమిని ఏరు కోసుకుపోతుంది, కాగితాన్ని నీరు నానబెడుతుంది. మేడలో బీరువాలో వున్న కాగితమూ, తాటాకు కింద చూరులో దోపిన కాగితమూ ఒకేలా బతకవు. మనకి చరిత్ర లేదన్న పండితులు యీ తేడా ఎప్పుడూ లెక్కలోకి తీసుకోలేదు. 1977లో చట్టం చేసినప్పుడు అసైన్డు భూమి చేతులు మారితే ఆ అమ్మకం చెల్లదని రాశారు. కానీ ఆ మాట ఆఫీసులో అనాలంటే చేతిలో కాగితం వుండాలి కదా!

1791లో బెంజమిన్ బెన్నేకర్ అనే నల్లజాతి గణితజ్ఞుడు తన పంచాంగం రాతప్రతిని, బానిసత్వాన్ని నిలదీసే వుత్తరాన్ని జెఫర్సన్‌కి పంపాడు. అప్పటికి జెఫర్సన్ విదేశాంగ మంత్రి, బానిసల యజమాని. మర్యాదగా జవాబు రాశాడు. జెఫర్సన్ సంతకం కోసం ఎగబడేవాళ్లు ఎందరో. ఆర్టురో షోంబర్గ్ బెన్నేకర్ పంచాంగాల్ని వెతికి దాచాడు. ఆయన సేకరణని 1926లో న్యూయార్కు పబ్లిక్ లైబ్రరీ కోసం 10 వేల డాలర్లకి కొన్నారు. ఎవరి చివరి నుంచి వుత్తరం చదువుతామన్నదే మాకు ముఖ్యం.

అలాగని యజమానుల కాగితాలు పారేయమనం. 1799లో వాషింగ్టన్ తన తోటల్లోని 317 మంది బానిసల జాబితా రాయించుకోలేదు, స్వయంగా రాసుకున్నాడు. ఆస్తి లెక్క కోసం రాసిన ఆ పేర్లే యివాళ వారి మునిమనవలకి దారి చూపిస్తున్నాయి. కోనసీమ పెద్దకాపుల యిళ్లలో పాలేళ్ల లెక్కల పుస్తకాలు అలాంటివే. జీతం కింద కొలిచిన ధాన్యం, ముందు తీసుకున్న అప్పు, నాగా రోజులు. అందులో మన తాతల పేర్లు సగం సగంగా, 'గాడు' తగిలించి వుంటాయి. అయినా పేర్లే. పాత మండువా లోగిళ్లు పడగొట్టేటప్పుడు అవి తూకానికి పోతున్నాయి. అంబేడ్కర్ సంతకం దొరికితే కళ్లకద్దుకునే మనవాళ్లు కూడా వీటిని అడగడం లేదు. అడగడానికి నామోషీ. ఆ గుమ్మం మళ్లీ ఎక్కాలి కదా అని.

కాగితం మీద పేరుకి ఏం బలముందో మాకు వేరే చెప్పక్కర్లేదు. జిల్లా పేరులో అంబేడ్కర్‌ని చేర్చబోతే 2022 మే 24న అమలాపురంలో ఒక మంత్రి యిల్లూ ఒక ఎమ్మెల్యే యిల్లూ తగలబెట్టారు.

అందుకని మేము అసలు కాగితం ఎవరి దగ్గరా పట్టుకెళ్లడం లేదు. అక్కడే అరుగు మీద ఫోటో తీసి, పేరూ సర్వే నంబరూ రాసుకుని, మళ్లీ ట్రంకుపెట్టెలోనే పెట్టేస్తున్నాం. మామ్మ ఆ నోటుని మాత్రం కాసేపు చేతిలోనే వుంచుకుంది. బాకీ తీరిందా అని అడిగితే, "అది తీరేదా బాబూ" అని పెట్టె మూసింది.