సియాల్‌కోట్ నుండి మీరట్‌కు వచ్చిన బంతి

ఈ ప్రత్యేక సంచికకు ఉద్యోగ జ్ఞాపకాలే వ్రాయాలన్న నియమం లేదని కార్యదర్శిగారు చెప్పినందున, నాకు చిరకాలంగా ఆసక్తి గల ఒక సంగతి వ్రాస్తున్నాను. సర్వీసులో ఉండగా కొన్నేళ్లు మా ఆఫీసు రిక్రియేషన్ క్లబ్బుకు ఆట సామాను కొనే పని నా మీద పడింది. ఒకసారి రేటు తక్కువని ఏదో కంపెనీ బంతులు తెప్పించాను. పది ఓవర్లకే అవి కోడిగుడ్డు ఆకారానికి వస్తే మిత్రుల చేత నానా మాటలు పడ్డాను. తర్వాత ఎస్.జి. బంతులు తెప్పించాము. పెట్టె మీద 'మీరట్' అని ఉండేది. 1857 తిరుగుబాటు మొదలైన ఊరికి క్రికెట్ బంతితో ఏమి సంబంధమా అని ఆనాడే అనుకున్నాను.

ఎస్.జి. అంటే సునీల్ గవాస్కర్ అని మాలో చాలామంది వాదించేవారు. ఆయన ఆ బ్యాటుతో ఆడిన మాట నిజమే గాని, కంపెనీ ఆయన కంటే వయసులో పెద్దది. అసలు పేరు శాన్స్‌పరేల్స్ గ్రీన్‌లాండ్స్. మొదటి మాట ఫ్రెంచిది, సాటిలేనిదని అర్థం. కేదారనాథ్ ఆనంద్, ద్వారకానాథ్ ఆనంద్ అనే అన్నదమ్ములు 1931లో సియాల్‌కోట్‌లో దీనిని స్థాపించారు. ఆ ఊరు నేడు పాకిస్తాన్‌లోని పంజాబులో ఉన్నది. అక్కడి కంటోన్మెంటులోని ఇంగ్లీషు దొరలకు ఆట సామాను కావాలి. హాకీ కర్రలకు మల్బరీ, బ్యాట్లకు కాశ్మీరు విల్లో దగ్గరలోనే దొరికేవి, పనితనం గల వడ్రంగులు ఊళ్లోనే ఉండేవారు. అందుచేత పందొమ్మిదవ శతాబ్ది చివరికే ఆ ఊరు ఆట సామానుకు పేరు పొందింది. అన్నదమ్ముల వ్యాపారం కూడా ఎగుమతుల దాకా పెరిగింది.

ఇంతలో 1947 వచ్చింది. సియాల్‌కోట్ సరిహద్దుకు అవతల మిగిలిపోయింది. ఆనంద్ కుటుంబం కాందిశీకులుగా ఇవతలికి వచ్చి, కొంతకాలం ఆగ్రాలో ఉండి, 1950లో మీరట్ చేరింది. పదహారేళ్లు కట్టుకున్న వ్యాపారాన్ని మళ్లీ మొదటి మెట్టు నుంచి ఎక్కవలసి వచ్చింది. ఒక ట్రాన్స్‌ఫర్ ఆర్డరు వస్తేనే నెల రోజులు నిద్రపట్టని వాళ్లం మనం! వారితో పాటే సియాల్‌కోట్ పనివారు కూడా చాలామంది వచ్చారు. కొందరు జలంధర్‌లో, కొందరు మీరట్‌లో స్థిరపడ్డారు. కర్మాగారం అక్కడే పోయినా, చేతిపని మాత్రం మనుషులతోనే నడిచి వచ్చింది. మీరట్ సూరజ్‌కుండ్ ప్రాంతంలో నేడు వరుసగా కనిపించే ఆట సామాను దుకాణాల వెనుక ఉన్న చరిత్ర ఇదే.

చేతిపని అని ఊరికే అనలేదు. కార్కు చుట్టూ ఉన్ని దారం బిగించి బంతికి గుండె తయారు చేస్తారు. పటికతో శుద్ధి చేసిన తోలును నాలుగు ముక్కలుగా కోసి, రెండేసి ముక్కలు కలిపి రెండు చిప్పలు కుడతారు. ఆ చిప్పలను గుండె మీద మూసి ఆరు వరుసల కుట్టు వేస్తారు. ఆస్ట్రేలియా వారి కూకాబురా బంతికి బయటి నాలుగు వరుసలు యంత్రం వేస్తుంది. ఎస్.జి. బంతికి ఆరూ చేతితోనే. అందుకే దాని కుట్టు ఎత్తుగా నిలిచి, మన స్పిన్నర్ల వేళ్లకు పట్టు దొరుకుతుంది. బరువు 156 నుంచి 163 గ్రాముల మధ్యనే ఉండాలి.

1990 దశకం నుంచి మన దేశంలో జరిగే టెస్టులకు ఈ బంతినే వాడుతున్నారు. అలాగని మెప్పు ఊరికే దక్కలేదు. 2018 అక్టోబరులో వెస్టిండీస్‌తో హైదరాబాద్ టెస్టుకు ముందు కెప్టెన్ కోహ్లీ, బంతి త్వరగా మెత్తబడుతోందని, ఇంగ్లండు వారి డ్యూక్స్ బంతే మేలని బహిరంగంగా అన్నారు. ఉమేష్ యాదవ్ కూడా తన అసంతృప్తి చెప్పారు. తీరా చూస్తే ఆ మ్యాచిలో అదే బంతితో ఉమేష్ పది వికెట్లు తీశారు! అయినా విమర్శలో పస లేదని నేను అనను.

సియాల్‌కోట్ కూడా చెడిపోలేదు. 2014, 2022 ప్రపంచ కప్పు ఫుట్‌బాల్ పోటీలకు బంతులు ఆ ఊరి నుంచే వెళ్లాయి. ఒకే ఊరి పనితనం గీతకు ఇరువైపులా బతుకుతోందన్నమాట.

మొన్న మనవడు తన బంతి తెచ్చి "తాతయ్యా, కుట్టు ఊడింది" అన్నాడు. కళ్లజోడు పెట్టుకుని చూశాను. ఊడినది ఒక్క వరుస. మిగతా అయిదూ గట్టిగానే ఉన్నాయి.